ప్రొడక్ట్ మార్కెటింగ్ ఉద్యోగానికి చెన్నైకా, బెంగళూరుకా, హైదరాబాదుకా, తిరుపతిలోనే ఉండిపోవాలా?

సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రొడక్ట్ మార్కెటింగ్ అంటే ప్రకటనలు వేయడమని చాలామంది అనుకుంటారు. అసలు పని వేరు. తయారైన సాఫ్ట్‌వేర్ ఎవరికి పనికొస్తుందో తేల్చాలి, దాన్ని వాళ్ల మాటల్లో చెప్పాలి, ఆ మాటలు అమ్మకాల వాళ్ల నోట్లోకి చేరేదాకా వెంటపడాలి. కొత్త ఫీచర్ విడుదల, ధరల పేజీ, డెమోలో చెప్పే వరస, పోటీ కంపెనీతో పోలుస్తూ ఒక పేజీలో రాసే బ్యాటిల్‌కార్డ్, అన్నీ ఈ బల్ల మీదికే వస్తాయి.

తిరుపతి, చిత్తూరు నుంచి చూస్తే ముందున్న దారులు ఐదు: చెన్నైలో ప్రొడక్ట్ కంపెనీ, బెంగళూరులో స్టార్టప్, హైదరాబాదులో పెద్ద విదేశీ సంస్థ, ఇంటి నుంచే రిమోట్ ఉద్యోగం, సొంతంగా కన్సల్టింగ్. ఎస్వీ యూనివర్సిటీలోనో పద్మావతి మహిళా యూనివర్సిటీలోనో ఎంబీఏ అయిపోయినవారికీ, ఇంజనీరింగ్ చదివి సపోర్టులో మూడేళ్లు చేసి ఇటు రావాలనుకునేవారికీ ఒకే సలహా సరిపోదు. కొలతలు మాత్రం ఇద్దరికీ ఒకటే.

## ముందు ఏం కొలవాలి

కస్టమర్ గొంతు. నెలకు ఎంతమంది కస్టమర్ల మాట నేరుగా మీ చెవిన పడుతుంది? జీతం కన్నా ముందు దీన్ని అడగండి. ఈ వృత్తిలో మొదటి మూడేళ్లలో నేర్చుకునేదంతా దీని నుంచే వస్తుంది. ఒక డీల్ చేజారితే అమ్మకాల మనిషి సీఆర్‌ఎంలో (కస్టమర్ల, డీల్‌ల వివరాలు నమోదు చేసే సాఫ్ట్‌వేర్) కారణం కింద "ధర ఎక్కువ" అని ఎంచి ముందుకు వెళ్లిపోతాడు. ఆ జాబితాలో అదే తేలికైన జవాబు, తనమీద తప్పు పడని జవాబు. నెల తిరగకముందే ఆ కొనుగోలుదారుతో అరగంట మాట్లాడండి. పాత డేటా ఎలా తరలించాలో ఎవరూ చెప్పలేదనో, డెమోలో చూపించింది తమ పనికి సంబంధం లేదనో అప్పుడు బయటపడుతుంది. ధర తగ్గించే కంపెనీకీ డెమో మార్చే కంపెనీకీ తేడా ఆ అరగంటే. కస్టమర్ కాల్స్‌లో మిమ్మల్ని కూర్చోనివ్వని చోట ఎన్నేళ్లు చేసినా స్లైడ్లు తయారు చేయడమే వస్తుంది. ఇప్పుడు ఏఐ కూడా తయారు చేస్తున్నది ఆ స్లైడ్లనే కాబట్టి, ఆ ఒక్కదాని మీద బతకడం మునుపటికన్నా కష్టం.

చేతిమీదుగా నడిచే లాంచ్‌లు. విడుదలలను చాలా కంపెనీలు మూడు మెట్లుగా విడదీస్తాయి. చిన్న మార్పుకు రిలీజ్ నోటు చాలు. మధ్యస్థమైనదానికి ఈమెయిలు, సహాయ పేజీ, అమ్మకాల వాళ్లకు అరగంట శిక్షణ కావాలి. పెద్ద లాంచ్‌కు 6 నుంచి 8 వారాల ముందే పని మొదలవ్వాలి. తప్పులు జరిగే చోట్లు ఎప్పుడూ అవే. లాంచ్ రోజున ధరల పేజీలో పాత ప్లాన్ పేరే ఉండిపోతుంది. సపోర్టు టీముకు ముందు చెప్పకపోతే మొదటి టికెట్‌కే (కస్టమర్ పంపిన ప్రశ్నకే) "మాకు తెలియదు" అని జవాబు వెళ్తుంది. ఫీచర్ సగం ఖాతాలకే తెరిచి ఉన్నా ఈమెయిలు అందరికీ వెళ్లిపోతుంది. ఇలాంటివన్నీ పట్టుకునే చెక్‌లిస్టును సొంతంగా రాసి, రెండు పెద్ద లాంచ్‌లు నడిపితే ఆ అనుభవానికి ఏ నగరంలోనైనా విలువ ఉంటుంది.

పైన ఎవరున్నారు. మీ మేనేజరు ఇదే పని చేసి వచ్చినవారైతే మీ రాతను వాక్యం వాక్యం దిద్దుతారు. ప్రకటనల బడ్జెట్ చూసుకునే మనిషి కింద పడితే మీరు వెబినార్ల ఏర్పాట్లలో మునిగిపోతారు. తప్పు ఆయనది కాదు, ఆయనకు తెలిసిన పని అది.

గడియారం. కస్టమర్లు ఏ దేశంలో ఉంటే ఆ గడియారమే మీది. న్యూయార్కులో ఉదయం 9 అంటే మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. కాలిఫోర్నియాలో ఉదయం 9 అంటే మనకు రాత్రి 9:30, చలికాలంలో 10:30. లండన్ అయితే మధ్యాహ్నం 1:30 లేదా 2:30. "అమెరికా మార్కెట్" అన్న మాట ఆఫర్ లెటర్లో ఒక్క పదమే. ఇంట్లో మాత్రం రోజూ భోజనాల వేళ దానితోనే గడుస్తుంది.

చేతికి వచ్చేది. దీన్ని చివర్లో లెక్కేసి చూపిస్తాం.

## ఒక్క చూపులో

| | కస్టమర్ గొంతు | లాంచ్ అనుభవం | నేర్పే పెద్దవాళ్లు | పని వేళలు | ఇంటికి రావడం |
|---|---|---|---|---|---|
| చెన్నై ప్రొడక్ట్ కంపెనీ | బాగా ఎక్కువ | ఎక్కువ | దొరుకుతారు | మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా సాగొచ్చు | ప్రతి వారం కుదురుతుంది |
| బెంగళూరు స్టార్టప్ | ఎక్కువ, మీరు చొరవ తీసుకుంటే | చాలా ఎక్కువ | కంపెనీని బట్టి | హద్దు ఉండదు | రెండు వారాలకోసారి |
| హైదరాబాదు విదేశీ సంస్థ | తక్కువ | పెద్ద లాంచ్‌లో చిన్న ముక్క | ఉంటారు, తరచూ వేరే దేశంలో | కాస్త క్రమం ఉంటుంది | నెలకోసారి |
| ఇంటి నుంచి రిమోట్ | రికార్డింగుల్లో | మధ్యస్థం | దూరం నుంచి | కస్టమర్ దేశాన్ని బట్టి | ఇంట్లోనే |
| కన్సల్టింగ్ | పనిని బట్టి | ముక్కలు ముక్కలుగా | ఉండరు | మీ చేతిలో కొంత | ఇంట్లోనే |

## చెన్నై

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మా మొదటి ఓటు దీనికే. 1996లో అడ్వెంట్‌నెట్‌గా మొదలైన జోహో, 2010లో పుట్టి 2021లో అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌కు ఎక్కిన ఫ్రెష్‌వర్క్స్, 2011లో వచ్చిన చార్జ్‌బీ లాంటి కంపెనీలు ఇక్కడే పెరిగాయి. చిన్న, మధ్య తరహా వ్యాపారాలకు ఇంటర్నెట్ మీదే సాఫ్ట్‌వేర్ అమ్మే పద్ధతి ఇక్కడ బాగా పాతుకుపోయింది. ప్రొడక్టు తయారయ్యే అంతస్తు, అమ్మేవాళ్లు, సపోర్టు వాళ్లు ఒకే ఆవరణలో ఉండే కంపెనీలు ఇక్కడ దొరుకుతాయి. టీ తాగడానికి వెళ్తే సపోర్టు మనిషి ఎదురై "ఈ వారం అందరూ దీని గురించే అడుగుతున్నారు" అంటాడు. ఏ నివేదికా ఇంత తొందరగా చెప్పదు.

చిత్తూరు, నగరి, సత్యవేడు వైపు వాళ్లకు ఇంకో వెసులుబాటు, తమిళం. పని అంతా ఇంగ్లీషులోనే నడుస్తుంది, కానీ మీటింగు ముగిశాక నడిచే మాటలు ఎక్కువగా తమిళంలో. అసలు అభ్యంతరాలు బయటపడేది ఆ మాటల్లోనే. చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన భాషను తక్కువగా చూడకండి.

ప్రయాణం గురించి ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. తిరుపతి బస్సులు మాధవరంలో ఆగుతాయి, అది ఊరికి ఉత్తరాన. సాఫ్ట్‌వేర్ ఆఫీసులు ఎక్కువగా దక్షిణాన, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద, గూడువాంచేరి వైపు ఉంటాయి. తిరుపతి నుంచి మాధవరం ఎంతసేపో, సాయంత్రం రద్దీలో అక్కణ్నుంచి గది చేరడానికి దాదాపు సగం అంతసేపు పట్టొచ్చు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై సెంట్రల్‌లో దిగితే మెట్రో, లోకల్ రైళ్లు దగ్గర. ఆఫీసు ఎక్కడో చూసుకుని, సెంట్రల్‌కు ఒకే రైలులోనో మెట్రోలోనో చేరగలిగే చోట గది తీసుకుంటే ప్రతి వారం ఇంటికి రావడం నిజంగా జరుగుతుంది. లేకపోతే రెండో నెలకే మానేస్తారు.

లోటు కూడా చెప్పాలి. పాతుకుపోయిన కంపెనీల్లో ప్రొడక్టుకు ఒక పద్ధతి ఉంటుంది, దాన్ని మార్చే అవకాశం కొత్తవాళ్లకు త్వరగా రాదు. జీతం పెరుగుదల బెంగళూరు స్టార్టప్‌లంత దూకుడుగా ఉంటుందని ఆశ పెట్టుకోకండి.

## బెంగళూరు

ఇక్కడ ఒకే ఒక్క ప్రొడక్ట్ మార్కెటర్‌గా చేరే అవకాశాలు ఎక్కువ. అది వరమూ, ప్రమాదమూ. పొజిషనింగ్ (ప్రొడక్టు ఎవరికి, ఏ పనిలో మేలో తేల్చడం) మొదలు ధరల పేజీ దాకా అన్నీ మీరే చేస్తారు. తప్పు చేస్తే దిద్దేవాళ్లు ఉండరు. రెండేళ్ల అనుభవం లేకుండా "మొదటి ప్రొడక్ట్ మార్కెటర్" పోస్టుకు వెళ్లడం మంచిది కాదని మా గట్టి అభిప్రాయం. వ్యవస్థాపకులు వారానికోసారి కథ మార్చేస్తుంటే, నిలబడి "ఈ మూడు నెలలూ ఈ ఒక్క వర్గానికే చెబుదాం" అనడానికి వెనక కొంత అనుభవం ఉండాలి.

స్టాక్ ఆప్షన్ల (కంపెనీ షేర్లను ముందే తేల్చిన ధరకు కొనే హక్కు) మాట తప్పక వస్తుంది. మామూలుగా నాలుగేళ్లలో చేతికి వస్తాయి, మొదటి ఏడాది నిండకముందే వెళ్లిపోతే ఏమీ రావు. నాలుగు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: మొత్తం షేర్లలో నావి ఎంత శాతం? కొనాల్సిన ధర ఎంత? ఉద్యోగం వదిలాక కొనడానికి గడువు ఎన్ని రోజులు? ఇంతకుముందు ఉద్యోగుల షేర్లు కంపెనీ ఎప్పుడైనా తిరిగి కొన్నదా? గడువు 90 రోజులే అయితే, వెళ్లేటప్పుడు షేర్ల ధరతోపాటు పన్ను కూడా జేబులోంచి కట్టాల్సి రావచ్చు. అమ్ముకోవడానికి సంత లేని షేర్లకు అది పెద్ద భారం. జీతం తగ్గించి ఆప్షన్లు ఎక్కువిస్తామంటే, వాటి విలువ సున్నా అనుకుని ఆ జీతంతో బతకగలరో లేదో చూసుకోండి.

చిత్తూరు, పలమనేరు వాళ్లకు కోలారు రోడ్డు మీద బెంగళూరు దగ్గరే, చిత్తూరు నుంచి సుమారు 180 కిలోమీటర్లు. వైట్‌ఫీల్డ్, ఔటర్ రింగ్ రోడ్ తూర్పు వైపు ఆఫీసులైతే ఊరంతా దాటాల్సిన పని లేదు. కుప్పం వాళ్లకైతే రైలు మార్గం నేరుగా కృష్ణరాజపురం మీదుగా వెళ్తుంది. తిరుపతి వాళ్లకు 250 కిలోమీటర్లు, శుక్రవారం రాత్రి బయలుదేరి ఆదివారం రాత్రి తిరిగి వెళ్లడం అలవాటు చేసుకోవాలి. అద్దె అడ్వాన్సు కింద చాలా నెలల అద్దె ఒకేసారి అడుగుతారు, చేరే ముందే ఆ డబ్బు సర్దుకోండి.

## హైదరాబాదు

మైక్రోసాఫ్ట్, సేల్స్‌ఫోర్స్, సర్వీస్‌నౌ లాంటి సంస్థలకు ఇక్కడ పెద్ద కేంద్రాలున్నాయి. జీతం, సెలవులు, బీమా స్థిరంగా ఉంటాయి. అయితే ఇలాంటి చోట్ల పొజిషనింగ్ తేల్చే బల్ల చాలాసార్లు అమెరికాలో ఉంటుంది. ఇక్కడి టీముకు ఆ మాటల్ని ప్రాంతాలకు తగ్గట్టు మార్చే పని, శిక్షణ సామగ్రి పని వస్తాయి. ఐదారేళ్ల అనుభవం తర్వాత, కుటుంబంతో స్థిరపడదామనుకునేవాళ్లకు మంచి చోటు. మొదటి ఉద్యోగానికి రెండో ఎంపికగానే చూడండి. డార్విన్‌బాక్స్, కెకా లాంటి ఇక్కడే పుట్టిన కంపెనీల సంగతి వేరు. అవి మన దేశంలోని హెచ్ఆర్ విభాగాలకూ అమ్ముతాయి కాబట్టి, ఆ మార్కెట్ పని దొరికితే కస్టమర్ చేరువలో ఉంటాడు, గడియారమూ మనదే.

తిరుపతి నుంచి నారాయణాద్రి, చిత్తూరు నుంచి వెంకటాద్రి రాత్రి బండ్లు. 2023 ఏప్రిల్ నుంచి సికింద్రాబాదుకు వందే భారత్ కూడా ఉంది, ఎనిమిది గంటల పైచిలుకు ప్రయాణం.

## ఇంటి నుంచే

ఖర్చు తక్కువ, అమ్మానాన్నలు పక్కనే. ఈ దారి ఎంచుకోవాలని మనసు లాగడం సహజం. మూడేళ్లు ఆఫీసులో పనిచేసినవాళ్లకు ఇది చక్కగా నడుస్తుంది. కొత్తవాళ్లకు చాలాసార్లు నడవదు, ఎందుకంటే టీ దగ్గర వినబడే మాట ఇక్కడ వినబడదు.

దాన్ని పూడ్చుకునే దారి ఉంది, కానీ క్రమశిక్షణ కావాలి. అమ్మకాల కాల్స్ రికార్డింగులు చూసే అనుమతి చేరిన మొదటి వారంలోనే తీసుకోండి. వారానికి ఐదు కాల్స్ వినండి, గెలిచినవి మూడు, పోయినవి రెండు. కస్టమర్ వాడిన మాటను ఉన్నదున్నట్టు ఒక షీటులో ఎక్కించండి, తేదీ, దేశం, కంపెనీ పరిమాణం పక్కనే. మూడు నెలలకు దగ్గరదగ్గర 60 కాల్స్ అవుతాయి. కొత్త హోమ్‌పేజీ గురించి వాదన వచ్చినప్పుడు ఆ షీటు ఉన్న మనిషి మాటే నెగ్గుతుంది, వాళ్లు ఏ ఊళ్లో కూర్చున్నా.

ఇంట్లో ఏర్పాట్లు: ఫైబర్ లైను ఒకటి, వేరే కంపెనీ ఫోన్ డేటా ఇంకొకటి. రెండూ ఒకే కంపెనీవి అయితే తెగినప్పుడు రెండూ తెగుతాయి. రూటరుకు చిన్న యూపీఎస్ తప్పనిసరి, కరెంటు పోయి వచ్చే మధ్యలో రూటరు మళ్లీ లేవడానికి పట్టే ఆ రెండు మూడు నిమిషాల్లోనే డెమో పోతుంది. క్యాలెండరు సంగతి కూడా చూసుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో సేల్స్‌ఫోర్స్ పెట్టే డ్రీమ్‌ఫోర్స్ లాంటి పెద్ద సభలు సెప్టెంబరు, అక్టోబరుల్లో జరుగుతాయి, పోటీ కంపెనీలన్నీ ఆ చుట్టుపక్కలే లాంచ్‌లు పెట్టుకుంటాయి. మనకు బ్రహ్మోత్సవాలూ అప్పుడే. చుట్టాలు ఇంటినిండా ఉంటారు, గరుడ సేవ రోజున ఊళ్లో కదలడమే కష్టం. ఆ వారం లాంచ్ మీ చేతిలో ఉంటే జులైలోనే తేదీ గురించి మాట్లాడుకోండి.

జోహోకు రేణిగుంటలో ఆఫీసు ఉంది. ఊరు వదలలేనివాళ్లు అక్కడ మార్కెటింగ్ పోస్టులు తెరిచి ఉన్నాయా అని నేరుగా వాళ్ల ఉద్యోగాల పేజీలో చూసుకోవాలి. సపోర్టులో చేరి ఏడాదిన్నర తర్వాత లోపలే మారడం కూడా నమ్మదగిన దారే. ఏడాదిన్నర సపోర్టు అంటే వేల టికెట్లు, అంటే వేల కస్టమర్ల మాటలు.

## కన్సల్టింగ్

అయిదేళ్లలోపు వాళ్లు దీన్ని పక్కన పెట్టవచ్చు. అనుభవం ఉన్నవాళ్లకు మాత్రం కొన్ని జాగ్రత్తలు. "పొజిషనింగ్ చేసిపెడతాను" అని ధర చెప్పకండి, అంతం లేని పని అవుతుంది. ఎనిమిది కస్టమర్ ఇంటర్వ్యూలు, ఒక పొజిషనింగ్ పత్రం, హోమ్‌పేజీ మాటలు, రెండు విడతల సవరణలు, ఆరు వారాలు అని లెక్కగా రాయండి. సగం డబ్బు ముందే తీసుకోండి. పని ఎక్కువగా ఆగిపోయేది ఇంటర్వ్యూల దగ్గర, కస్టమర్లను పరిచయం చేస్తామన్న కంపెనీ నెల దాకా చేయదు. ఆ ఆలస్యం ఎవరి ఖాతాలో పడుతుందో ఒప్పందంలో ఉండాలి.

ఏడాదికి సేవల ఆదాయం 20 లక్షలు దాటితే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ కావాలి. విదేశీ క్లయింటు నుంచి విదేశీ మారకంలో డబ్బు వస్తే ఎగుమతి కింద చూపి, ప్రతి ఆర్థిక సంవత్సరం ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీపత్రం) దాఖలు చేసి పన్ను కట్టకుండా బిల్లు వేయవచ్చు. ఏప్రిల్‌లో దాన్ని మర్చిపోవడం చాలామంది చేసే పొరపాటు.

## చేతికి వచ్చేది: లెక్క

ఏడాదికి 12 లక్షల ఆఫర్ అనుకుందాం, అందులో 15 శాతం వేరియబుల్ (ఫలితాలను బట్టి ఇచ్చే భాగం). అంటే 1,80,000 పక్కన పెట్టాలి, అది వస్తే వచ్చినట్టు. కంపెనీ కట్టే పీఎఫ్ నెలకు 1,800 చొప్పున 21,600. బేసిక్ ఐదు లక్షలైతే గ్రాట్యుటీ కింద సుమారు 24,000. మిగిలింది 9,74,000, నెలకు 81,000 పైన. మీ వాటా పీఎఫ్ 1,800 తీసేస్తే 79,000 చిల్లర. 2025-26 కొత్త పన్ను విధానంలో ఈ మేరకు జీతం ఒక్కటే ఆదాయమైతే ఆదాయపన్ను పడదు. వృత్తి పన్ను కొద్దిగా ఉంటుంది.

నెలకు లక్ష అనుకుని బయలుదేరినవాళ్లకు మొదటి తేడా ఇక్కడే 20,000. దీంట్లోంచి అద్దె, భోజనం, నెలకు నాలుగు రాకపోకలు తీసేసి, ఇంట్లో ఉండి 8 లక్షలకు చేసే రిమోట్ ఉద్యోగంతో పోల్చండి. చాలాసార్లు మిగులు దగ్గరదగ్గరగానే వస్తుంది. అప్పుడు తూకం డబ్బు మీద కాకుండా కస్టమర్ గొంతు మీద వేయవచ్చు. వేరియబుల్ దేని మీద ఆధారపడుతుందో కూడా అడగండి. కంపెనీ మొత్తం అమ్మకాల మీద అయితే మీ పని బాగున్నా రాకపోవచ్చు.

## మీరు ఎవరైతే ఏది

ఎంబీఏ అయిన వెంటనే: చెన్నై. దొరకకపోతే అక్కడే సపోర్టు లేదా ప్రీసేల్స్ (అమ్మకానికి ముందు డెమోలు చూపించే పని) పోస్టు, ఏడాదిన్నర తర్వాత మారడం.

సపోర్టు, టెస్టింగ్ నుంచి వచ్చేవాళ్లు: మీ ప్రస్తుత కంపెనీలోనే ముందు అడగండి. ప్రొడక్టు మీకు తెలిసినంతగా బయటివాళ్లకు తెలియదు. నోటీసు 90 రోజులైతే 30 రోజుల్లో రమ్మనే స్టార్టప్‌లు ఎలాగూ చేజారతాయి.

మూడు నుంచి ఐదేళ్లు చేసినవాళ్లు: రెండు పెద్ద లాంచ్‌లు మీ పేరు మీద ఉంటే బెంగళూరు, లేదా రిమోట్. లేకపోతే ఇంకో ఏడాది ఉన్నచోటే ఉండి అవి సంపాదించండి.

చిన్న పిల్లలు ఉండి మళ్లీ ఉద్యోగంలోకి వస్తున్నవాళ్లు, ఇంట్లో పెద్దల ఆరోగ్యం చూసుకోవాల్సినవాళ్లు: రిమోట్, కానీ యూరప్ లేదా భారత మార్కెట్‌కు అమ్మే కంపెనీ మాత్రమే. కాలిఫోర్నియా గడియారంతో ఇంటి పని కలిస్తే మనిషి ఆరు నెలల్లో అలసిపోతుంది.

## ఊళ్లోనే తయారుచేసుకోదగ్గ నమూనా

ఇంటర్వ్యూల్లో తమ పని చూపించడానికి ఊహించి రాసిన నమూనాలే ఎక్కువ కనిపిస్తాయి. తిరుపతిలో ఉన్నవాళ్లకు నిజమైన కస్టమర్లు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నారు. రైల్వే స్టేషన్, బస్టాండు చుట్టూ ఉన్న లాడ్జిల్లో ఐదుగురు మేనేజర్లతో, మధ్యాహ్నం రద్దీ తగ్గిన వేళ ఇరవై నిమిషాలు మాట్లాడండి. గదుల లెక్క దేంట్లో రాస్తున్నారు? సాఫ్ట్‌వేర్ కొని మానేశారా, ఎందుకు? ఇక్కడ చాలా లాడ్జిల్లో గది అద్దె చేరిన వేళ నుంచి 24 గంటలకు, మధ్యాహ్నం 12కు ఖాళీ చేయించే పద్ధతి కాదు. తెల్లవారుజామున 3 గంటలకు దర్శనం ముగించుకుని వచ్చినవాళ్లకు గది ఎలా ఇస్తున్నారో, సాఫ్ట్‌వేర్ దాన్ని ఎలా లెక్కిస్తుందో అడగండి. చిత్తూరు వాళ్లయితే మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి సీజనులో లారీల తూకం, రైతుల చెల్లింపులు ఎలా నమోదు చేస్తున్నారో ఇలాగే అడగవచ్చు.

వాళ్లకు అమ్మే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎంచుకుని, ఆ మాటలతో దాని మీద మూడు పేజీలు తయారుచేయండి. మొదటిది, సాఫ్ట్‌వేర్ ఎవరికి, ఇప్పుడు వాళ్లు దాని బదులు ఏం వాడుతున్నారు, ఏ ఒక్క పనిలో ఇది మేలు. రెండోది, అదే కంపెనీ హోమ్‌పేజీ మొదటి తెర, పాతదీ మీరు రాసినదీ పక్కపక్కన. మూడోది, నోటు పుస్తకాన్నే పోటీగా పెట్టిన బ్యాటిల్‌కార్డ్, ఎందుకంటే ఆ కౌంటరు మీద నిజంగా పోటీలో ఉన్నది అదే. లాడ్జిల పేర్లు, మేనేజర్ల పేర్లు తీసేయండి. ఇప్పుడున్న కంపెనీ లోపలి పత్రాలేవీ కలపకండి, ఈ కంపెనీ రహస్యం తెచ్చినవారు రేపు తమదీ తీసుకెళ్తారని అవతలివాళ్లు అనుకుంటారు. ఇంటర్వ్యూకు రెండు రోజుల ముందే పీడీఎఫ్‌గా పంపితే, ఆ గంటా మీ పని గురించే మాట్లాడుకోవచ్చు.